నటోరియస్ అన్నా ఫేమస్ అనే కదా, మరి తప్పేంటి?

ప్రశ్న: అందరికీ నమస్కారం. తిరుపతిలో బ్యాంకు పరీక్షలకు చదువుతున్నాను. వ్యాసంలో ఫేమస్ అనే మాట మూడుసార్లు వచ్చిందని ఒకచోట మార్చి, మన లడ్డూకి నటోరియస్ అని రాస్తే సార్ ఎర్ర ఇంకుతో కొట్టేశారు. రెండింటికీ ‘బాగా తెలిసిన’ అనే అర్థమే కదా? పరీక్ష దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది.

జవాబు: తమ్ముడూ, సార్ చేసింది సరైనదే. నటోరియస్ అంటే చెడుకు పేరు పడటం. శేషాచలం అడవుల్లో ఎర్రచందనం నరికించే స్మగ్లర్‌ను అనొచ్చు గానీ 2009లో జీఐ గుర్తింపు (ఫలానా ఊరి ప్రత్యేక వస్తువని ఇచ్చే గుర్తింపు) వచ్చిన లడ్డూను అంటే ఎట్లా? నటోరియస్ అనే మాట లాటిన్ మూలానికి ‘తెలిసిన’ అనే అర్థం, ఇంగ్లీషులో కూడా ఒకప్పుడు మంచికీ వాడేవాళ్లు, పోనుపోను చెడువైపే నిలిచిపోయింది.

జవాబు: శ్రీకాళహస్తి కలంకారీ లాంటి పనితనానికి రినౌన్డ్ బాగుంటుంది, అందులో గౌరవం ఉంది. ఎమినెంట్ (ప్రముఖ) మాత్రం డాక్టరు, శాస్త్రవేత్త లాంటి మనుషులకే, మామిడిపండుకు పెట్టొద్దు. ఇంకోటి, ఇన్ఫమస్ అంటే ‘ఫేమస్ కానిది’ అనుకుంటారు చాలామంది, నేనూ కాలేజీ దాకా అట్లే అనుకున్నా. కాదు, అపఖ్యాతి అని. పలికేటప్పుడు కూడా అందులో ‘ఫేమ్’ వినపడదు, ‘ఇన్’ అనే మొదటి భాగాన్నే నొక్కి పలకాలి.

ప్రశ్న అడిగినవారు: చాలా థ్యాంక్స్ అక్కా, అన్నా. మరి ప్రమాదాలు ఎక్కువ జరిగే రోడ్డు మలుపుకు?

జవాబు: దానికి నటోరియస్ సరిగ్గా సరిపోతుంది. పక్కన ‘ఫర్’ పెట్టి దేనికో చెప్పు.