పార్కులో యుద్ధ స్మారకం: అసలు కట్టాలా? కడితే ఎలా?

తూరుపుగాలి:
యుద్ధాల్లో చనిపోయిన తమ ఊరివాళ్ల పేర్లతో పార్కులో ఒక స్మారకం కడదామని ఎవరైనా అంటే చాలు, ఊరు రెండుగా చీలుతుంది. ఇంతకాలం ఎందుకు కట్టలేదని కొందరు, పిల్లలు ఆడుకునే చోట చావు గుర్తులెందుకని కొందరు. నేను రెండో వైపు. సైనికులంటే గౌరవం లేక కాదు, ఉండబట్టే అంటున్నాను. పార్కంటే బంతి వచ్చి తగిలే చోటు. వాకింగ్‌కి వచ్చినవాళ్లు గట్టు కనిపిస్తే చతికిలబడే చోటు. అమరుల పేర్లున్న రాయి మీద కాళ్లు పెట్టుకుని ఎవరో ఫోన్ చూసుకుంటుంటే ఆ కుటుంబానికి ఎలా ఉంటుంది? ప్రశాంతమైన చోట, దానికంటూ ఒక ఆవరణలో కట్టాలి. మీరేమంటారు?

గోరింట:
తూరుపుగాలి గారూ, మీ బాధ అర్థమైంది. కానీ ఎవరూ తొక్కని చోట కడితే ఎవరూ చూడరు కూడా. ఏడాదికోసారి తాళం తీసి, పూలదండ వేసి, ఫొటో దిగి, మళ్లీ తాళం వేస్తారు. అదా గౌరవం?

బెల్జియంలోని ఈప్ర్ పట్టణంలో మెనిన్ గేట్ ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో శవం కూడా దొరకని 54,000 మందికి పైగా సైనికుల పేర్లు దాని గోడల నిండా ఉన్నాయి. వాళ్లలో భారత సిపాయిలూ ఉన్నారు. అదేమీ ఊరవతల లేదు, దాని కిందనుంచే మామూలు రోడ్డు పోతుంది. 1928 నుంచి రోజూ రాత్రి 8 గంటలకు ట్రాఫిక్ ఆపి బ్యూగుల్ ఊదుతున్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు ఊరిని ఆక్రమించినప్పుడు మాత్రం ఆగింది. ఊదడం అయిపోగానే బళ్లు మళ్లీ కదులుతాయి. రోజువారీ బతుకు మధ్యలో ఉండబట్టే ఆ పేర్లను జనం మర్చిపోలేదని నా నమ్మకం.

పిల్లల మాటకొస్తే, హిరోషిమా శాంతి పార్కు చూడండి. రెండేళ్ల వయసులో అణుబాంబు దాడికి గురై, 1955లో పన్నెండేళ్లకే ల్యుకేమియా (రక్త క్యాన్సర్)తో పోయిన సడాకో ససాకి కోసం ఆమె తోటి విద్యార్థులే పూనుకున్నారు. అలా 1958లో అక్కడ పిల్లల స్మారకం వెలిసింది. ఆస్పత్రిలో సడాకో మడిచినట్టే, ఈరోజుకీ బడిపిల్లలు కాగితపు కొంగలు మడిచి తెచ్చి పెడతారు. పిల్లలు తట్టుకోలేరని భయపడేది మన పెద్దవాళ్లమే.

గట్టుమీదచెట్టు:
ఎక్కడ కడతారన్నదానికన్నా ఏం పెడతారన్నదే నా టెన్షన్. స్మారకం అనగానే ఒక పాత ట్యాంకో ఫిరంగో తెచ్చి దిమ్మె మీద నిలబెడతారు. చంపే యంత్రం పైన, చచ్చిపోయినవాడి పేరు కింద చిన్న అక్షరాల్లో. పిల్లలు ఎక్కి ఆడుకునేది, సెల్ఫీలు దిగేది ఆ యంత్రంతోనే. దీనికి నేను ఒప్పుకోను.

మొదటి ప్రపంచ యుద్ధం తరవాత ఫ్రాన్స్‌లో దాదాపు ప్రతి ఊళ్లోనూ స్మారకం కట్టారు. జాన్సియూ అనే చిన్న ఊళ్లో మాత్రం తుపాకీ పట్టిన సైనికుడి విగ్రహం పెట్టలేదు. అనాథ పిల్లవాడొకడు పిడికిలి బిగించి రాతి మీది మాటల వైపు చెయ్యి చాచి ఉంటాడు. ఆ మాటల అర్థం "యుద్ధం పాడుగాను" అని. అలాంటిది కడతామంటే పార్కులోనే కాదు, మా ఇంటి ముందు కట్టినా సంతోషమే.

సిపాయిమనవరాలు:
పార్కా, వేరే ఆవరణా అన్నది నాకు తరవాతి మాట. పేర్లు ఎలా చెక్కుతారు? దీని గురించి ఎవరూ మాట్లాడటం లేదు.

1917లో బ్రిటన్ పెట్టిన యుద్ధ సమాధుల సంస్థ ఒక మంచి సూత్రం రాసుకుంది. ర్యాంకు, జాతి, మతం తేడా లేకుండా అందరికీ ఒకే గౌరవం అని. మరి జరిగిందేమిటి? ఇరాక్‌లోని బస్రా స్మారకం మీద భారతీయ అధికారుల పేర్లు చెక్కారు. సాధారణ సిపాయిలకు మాత్రం, ఫలానా రెజిమెంటులో ఇంతమంది అన్న లెక్కే. అదే సంస్థ వేసిన కమిటీ 2021లో నివేదిక ఇచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో పోయినవాళ్లలో కనీసం 1,16,000 మందిని, బహుశా 3,50,000 మంది దాకా, పేరుతో గుర్తు చేసుకోలేదు, లేదా అసలే గుర్తు చేసుకోలేదు. ఎక్కువమంది ఆఫ్రికా, మధ్యప్రాచ్యం వాళ్లు. సంస్థ క్షమాపణ చెప్పింది, వందేళ్ల తరవాత. ఆ పేర్లు ఎరిగినవాళ్లు ఇంకా ఎవరు మిగిలి ఉంటారు? ఇది చదివిన రోజు నాకు నిద్రపట్టలేదు.

కల్నల్ పైన, జవాను కింద అనే వరుస మాత్రం వద్దే వద్దు. వియత్నాం యుద్ధంలో పోయిన అమెరికా సైనికుల కోసం వాషింగ్టన్‌లో 1982లో కట్టిన స్మారకం గోడ మీద 58,000కు పైగా పేర్లున్నాయి. ర్యాంకు లేదు. అక్షరక్రమం కూడా కాదు, పోయిన తేదీల వరుస. ఒకే దాడిలో పోయినవాళ్లు పక్కపక్కనే ఉంటారు. డిజైన్ ఇచ్చిన మాయా లిన్‌కు అప్పటికి 21 ఏళ్లు. నల్లరాయేమిటి, నేలలోకి దిగిన గోడేమిటి, ఇది అవమానం అని పెద్ద గొడవ చేశారు. 1984లో దగ్గర్లో ముగ్గురు సైనికుల విగ్రహం పెట్టి సర్దుబాటు చేశారు. అయినా జనం వెతుక్కునేది గోడ మీద తమవాళ్ల పేరునే. దాని మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది, ఆ అచ్చు ఇంటికి తీసుకెళతారు.

తూరుపుగాలి:
పేర్ల సంగతిలో నేనూ మీ మాటే. చోటు విషయంలో మాత్రం నా మాట మారలేదు. గోరింట గారూ, మెనిన్ గేట్ దగ్గర ఆ బ్యూగుల్ ఆగకుండా చూసుకోవడానికి ఒక సంఘమే ఉంది. ఊరి పార్కులో రాయిని ఎవరు చూసుకుంటారు? కొత్తలో నిగనిగలాడుతుంది, తరవాత అక్షరాల్లో రంగు పోతుంది, లైటు వెలగదు. రెండో ప్రపంచ యుద్ధం తరవాత అమెరికాలో చాలామంది స్తంభాలు వద్దు, "సజీవ స్మారకాలు" కడదాం అన్నారు. ఆటస్థలాలు, ఆడిటోరియాలు, పార్కులు. అలా చేస్తే జనానికి పనికొస్తుంది, గుర్తుగానూ ఉంటుంది.

గోరింట:
ఆడిటోరియానికి అమరుల పేరు పెడితే కొన్నాళ్లకు అందరికీ అది వట్టి ఫంక్షన్ హాలే. పేరు కంటికి కనబడకపోతే గుర్తు నిలవదండీ.

నేననుకునేది ఇది. దిమ్మె వద్దు, కంచె వద్దు. కూర్చునే ఎత్తులో పొడవాటి గోడ, పక్కన చెట్ల నీడ. పేర్లు పిల్లల కంటికి అందే ఎత్తులో, వేలితో తడిమితే తెలిసేంత లోతుగా చెక్కాలి. రంగు పోయినా అక్షరం పోదు. చెక్కేముందు ప్రతి కుటుంబానికీ కాగితం మీద చూపించి, ఇంటిపేరు, పొల్లు, దీర్ఘం సరిచూసుకోవాలి. తరవాత తెలిసే పేర్ల కోసం కొంత చోటు వదలాలి. నిర్వహణకు డబ్బు ఎక్కడిదో, బాధ్యత ఎవరిదో శంకుస్థాపనకు ముందే రాతపూర్వకంగా తేలాలి. అది తేలకపోతే కట్టకపోవడమే మంచిది, ఈ ఒక్క విషయంలో మీదే సరైన మాట. ఎవరైనా ఆ గోడ మీద కూర్చుంటారా, కూర్చోనివ్వండి. తల తిప్పితే పక్కనే పేరుంటుంది.

గట్టుమీదచెట్టు:
ఈ గోడ నాకు నచ్చింది. మరి బాంబులకు ఇంట్లో ఉండగానే పోయినవాళ్లు, యూనిఫాం లేనివాళ్లు? వాళ్ల పేర్లూ అదే గోడ మీద ఉండాలి.

సిపాయిమనవరాలు:
ఉండాలి, కానీ వేరే రాయి మీద. అదే ఎత్తు, అదే అక్షరం. మా తాత ఆర్డరు వస్తే వెళ్లాడు, వెళ్లనని చెప్పే వీల్లేదు. ఆ చావు ఎలాంటిదో వేరుగా కనబడాలి.

గట్టుమీదచెట్టు:
ఇంట్లో ఉన్నవాళ్లకు మాత్రం వీలుందా అమ్మా? వేరే రాయికి నేను ఒప్పుకోలేను. దీని మీద మిగతావాళ్లు కూడా చెప్పండి.