ఆర్మీ ఆఫీసరు ఉద్యోగానికి సీడీఎస్ రాత పరీక్ష పాసయ్యాను, నేను గే. ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూకి వెళ్లాలా వద్దా?

పరంగిమలై కుర్రాడు:

అందరికీ నమస్కారం. ఇంట్లో అడగలేను, కోచింగ్ సెంటర్లో అసలే అడగలేను, అందుకే ఇక్కడ అడుగుతున్నా. వయసు 23, బీకాం. పోరూర్‌లో ఒక కంపెనీలో ఉద్యోగం. పుట్టింది, పెరిగింది చెన్నైలోనే, ఆదంబాక్కంలో ఉంటాం. నాన్నది రైల్వే. అమ్మవాళ్లది తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం. మిలటరీ మాధవరం అంటే మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. తాతయ్య హవల్దారుగా రిటైరయ్యారు, మామయ్యలిద్దరూ ఆర్మీయే. ఆ ఊళ్లో సెలవులకి వెళ్తే పిల్లల్ని "ఏం చదువుతున్నావ్" అని కాదు, "ఎప్పుడు చేరతావ్" అని అడుగుతారు. ఇక్కడికొస్తే ఇంటికి దగ్గర్లోనే ఓటీఏ, అంటే ఆర్మీ ఆఫీసర్లకి ట్రైనింగిచ్చే అకాడమీ. తెల్లవారుజామున క్యాడెట్లు పరిగెడుతుంటే చిన్నప్పటి నుంచి చూస్తూనే ఉన్నా. ఆ ఉద్యోగం తప్ప ఇంకోటి చెయ్యాలని ఎప్పుడూ అనిపించలేదు.

ఓటీఏకి సీడీఎస్ రాశాను. ఇంగ్లిష్, జీకే మాత్రమే కాబట్టి గట్టెక్కాను, లెక్కలుంటే నా సంగతి దేవుడికే తెలియాలి. ఎస్‌ఎస్‌బీ (ఆఫీసర్లని ఎంపిక చేసే బోర్డు పెట్టే టెస్టులు, ఇంటర్వ్యూ) వచ్చే నెల, బెంగళూరులో.

విషయం ఏంటంటే, నేను గే. మా చెల్లికి, ఇద్దరు ఫ్రెండ్స్‌కి తప్ప ఎవరికీ తెలీదు. ప్రస్తుతం ఎవరితోనూ రిలేషన్‌షిప్ లేదు. నా టెన్షన్ అంతా ఇదే: ఇంటర్వ్యూలో గర్ల్‌ఫ్రెండ్ గురించి అడుగుతారట, ఏం చెప్పాలి? మెడికల్‌లో తెలిసిపోతుందా? చేరాక తెలిస్తే తీసేస్తారా, జైల్లో పెడతారా? గే సంబంధాల్ని నేరం చేసిన 377 సెక్షన్ పోయింది కదా, మరి ఆర్మీకి వర్తించదా?

ఇంకో మాట. ట్రైనింగ్ అయ్యేదాకా పెళ్లి చేసుకోకూడదన్న రూలు చదివి నేను పడ్డ సంతోషం ఇంతా అంతా కాదు. అమ్మ అప్పుడే కావలి ఊరి సంబంధం ఒకటి చూసిపెట్టింది.

"డాక్టర్‌కి చూపించుకో" అనేవాళ్లు దయచేసి రిప్లై పెట్టొద్దు.

ఆవడి నాయుడు (రిటైర్డ్):

బాబూ, నేను ఎయిర్‌ఫోర్సులో వారెంట్ ఆఫీసరుగా చేసి రిటైరయ్యాను. నీ ఇష్టాయిష్టాల జోలికి నేను రాను, అది నీకూ ఆ పైవాడికీ సంబంధించిన విషయం. ఉద్యోగం గురించి మాత్రం చెప్తాను.

బారక్స్‌లో ఎవడి మంచం కింద ఏముందో అందరికీ తెలుస్తుంది. ఎవడికి ఉత్తరం వచ్చింది, ఎవడు ఫోన్లో గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు, ఎవడు లీవ్‌లో ఇంటికి పోకుండా ఇంకెక్కడికో పోయాడు, అన్నీ. మా యూనిట్లో ఒక కుర్రాడి మీద ఇలాంటి పుకారే లేచింది. రుజువూ లేదు, పాడూ లేదు. పని బంగారంలా చేసేవాడు. అయినా మెస్‌లో అతని పక్కన కూర్చునేవాళ్లు తగ్గిపోయారు. చివరికి పోస్టింగ్ అడిగి వెళ్లిపోయాడు. అతను సామాను దించుకునే లోపే పుకారు కొత్త యూనిట్‌కి చేరిపోయింది. మేమెవరం అతని తరఫున నోరు తెరవలేదు, ఎవడి ఉద్యోగం వాడిది.

ఆఫీసరుకి కనీసం సొంత గది ఉంటుంది. జవానుకి అదీ ఉండదు. ఎస్‌ఎస్‌బీ పోయిందని అగ్నివీర్‌కో మరొకదానికో మాత్రం వెళ్లకు. నా సలహా అడిగితే, మంచి బుర్ర ఉంది కాబట్టి బ్యాంకు పరీక్షలు రాసుకో.

సింహబలుడు:

సైన్యం పవిత్రమైనది. అక్కడికి కూడా ఇవి తేవాలా? ఐటీ కంపెనీలు లేవా మీకు?

హైకోర్టు అక్క:

సింహబలుడు గారూ, ఆ అబ్బాయి కంపెనీ ఉద్యోగం వదిలేసి సరిహద్దుకి వెళ్తానంటున్నాడు. మీరెప్పుడు వెళ్తున్నారో చెప్తే మీ సందేహాలు కూడా తీరుస్తాను.

తమ్ముడూ, చట్టం సంగతి చెప్తా, జాగ్రత్తగా చదువు. 2018 సెప్టెంబరు 6న నవతేజ్ సింగ్ జోహార్ కేసులో సుప్రీంకోర్టు, ఇద్దరు పెద్దవాళ్లు ఇష్టపడి కలిస్తే 377 కింద నేరం కాదంది. 2024 జూలై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ సెక్షనే లేదు. బయట ఉన్నంతవరకు నువ్వు నేరస్థుడివి కాదు.

యూనిఫాం వేసుకున్నాక లెక్క మారుతుంది. రాజ్యాంగం 33వ అధికరణం ప్రకారం సైనికుల ప్రాథమిక హక్కులకు పార్లమెంటు పరిమితులు పెట్టొచ్చు. 1950 నాటి ఆర్మీ చట్టంలో 46వ సెక్షన్ ఉంది. అసభ్యమైన, "అసహజమైన" సిగ్గుమాలిన ప్రవర్తనకి ఏడేళ్ల దాకా జైలు. 45వ సెక్షన్ ఆఫీసర్లకీ, వాళ్ల కింది జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లకీ వర్తిస్తుంది, హోదాకి తగని ప్రవర్తన పేరుతో ఉద్యోగం ఊడగొట్టొచ్చు. ఏ గంపలోనూ పట్టనివన్నీ వెయ్యడానికి 63 ఉంది, క్రమశిక్షణకి భంగం అని. ఇవి కాక కోర్టు మార్షల్ పెట్టకుండానే పరిపాలనా పద్ధతిలో సర్వీసు ముగించే దారి కూడా ఉంది. 2019 జనవరిలో అప్పటి ఆర్మీ చీఫ్ జనరల్ బిపిన్ రావత్‌ని ప్రెస్‌మీట్లో ఇదే అడిగితే, ఆర్మీ సంప్రదాయవాద సంస్థ, దీన్ని అనుమతించం అని తేల్చేశారు. 2023 జనవరిలో వ్యభిచారం నేరం కాదన్న 2018 తీర్పు విషయంలోనూ అంతే. అది సైన్యం చర్యలకి అడ్డు రాదని సుప్రీంకోర్టే స్పష్టం చేసింది. 377 తీర్పు మీద అలాంటి వివరణ రాలేదు గానీ గాలి ఎటు వీస్తోందో నీకు అర్థమయ్యే ఉంటుంది.

ఒక్క తేడా గుర్తుపెట్టుకో. ఆ సెక్షన్లన్నీ ప్రవర్తన గురించి. నువ్వు ఎవరివి అన్నదాన్ని శిక్షించే సెక్షన్ లేదు, దరఖాస్తులో ఆ ప్రశ్నా లేదు. కాకపోతే "ప్రవర్తన" అనే సంచీలో ఏం వేస్తారో వాళ్ల ఇష్టం. మన విశాఖ నేవీ బేస్‌లోనే 2017లో ఒక నావికురాలిని, లింగమార్పిడి ఆపరేషన్ చేయించుకున్నందుకు, సర్వీసు అవసరం లేదని పంపేశారు. ఆమె విషయం వేరు, నీది వేరు. కానీ చట్టంలో జవాబు లేనప్పుడు సంస్థ ఎటు మొగ్గుతుందో దాన్ని బట్టి చూసుకో.

యూనిఫామే కావాలనుకుంటే తమిళనాడు పోలీసు కూడా ఒక దారి. ట్రాన్స్ మహిళ పృథిక యాషిని మద్రాసు హైకోర్టుకి వెళ్లి ఎస్సై అయింది. 2021లో అదే కోర్టులో, సుష్మ కేసులో జస్టిస్ ఆనంద్ వెంకటేశ్ ఇచ్చిన ఆదేశాల తర్వాత, మనలాంటివాళ్లని వేధించకూడదని పోలీసుల ప్రవర్తనా నియమాల్లోనే చేర్చారు. స్టేషన్లో అందరూ మారిపోయారని అనను. రాతపూర్వకంగా ఒక కాగితమైతే ఉంది, ఆర్మీలో అదీ లేదు.

ఓఎంఆర్ మాజీ కెప్టెన్:

తమ్ముడూ, నేను ఓటీఏ నుంచే వచ్చాను. గేని. షార్ట్ సర్వీస్, అంటే పర్మనెంట్ కాని ఆఫీసరు ఉద్యోగం, పదేళ్లు చేసి, పొడిగింపు వద్దని బయటికొచ్చి, ఇప్పుడు చెన్నై ఓఎంఆర్‌లో ఒక కంపెనీకి సెక్యూరిటీ, ఫెసిలిటీస్ చూస్తున్నాను. నాయుడు గారు చెప్పింది నిజం. అక్క చెప్పిందీ నిజం. ఆ రెంటి మధ్య మనిషి రోజు ఎలా గడుస్తుందో నేను చెప్తాను.

ముందు ఎస్‌ఎస్‌బీ. గర్ల్‌ఫ్రెండ్ ఉందా అని అడిగితే "లేదు సార్". అది నిజమే కదా, అక్కడితో ఆపు. చాలామంది కుర్రాళ్లు లేని అమ్మాయిని సృష్టిస్తారు. ఇంటర్వ్యూ తీసుకునే ఆఫీసరుకి అదే పని. ఏ కాలేజీ, ఎలా పరిచయం, ఆఖరిసారి దేనికి గొడవపడ్డారు అని గుక్క తిప్పుకోకుండా అడిగేస్తాడు. పైగా ముందురోజే సైకాలజిస్టుకి నువ్వు బొమ్మలు చూసి కథలు రాసి ఉంటావు, ఒక్కో మాటకి పదిహేను సెకన్ల చొప్పున అరవై మాటలకి వాక్యాలు రాసి ఉంటావు. రెండు చోట్లా ఇద్దరు వేర్వేరు మనుషులు కనిపిస్తే ఆఖర్న వాళ్లంతా కలిసి కూర్చునే కాన్ఫరెన్సులో దొరికిపోతావు. దొరికేది గే అని కాదు, అబద్ధాలకోరు అని. పెళ్లెప్పుడు అంటే "ట్రైనింగ్ అయ్యేదాకా ఆ ఆలోచన లేదు సార్" అను. రూలే నీ తరఫున మాట్లాడుతుంది.

మెడికల్ గురించి భయపడకు. బట్టలు విప్పిస్తారు, దగ్గమంటారు, వంగమంటారు. వాళ్లు వెతికేది హెర్నియా, వెరికోసిల్, పైల్స్. మనిషి గే అని చెప్పే పరీక్ష ప్రపంచంలో ఎక్కడా లేదు.

అసలు కష్టం చేరాక. ట్రైనింగ్‌లో కాదు, అక్కడ నిద్ర తప్ప ఇంకే కోరికా ఉండదు. యూనిట్‌కి వెళ్లాక మొదలవుతుంది. పెళ్లికాని కెప్టెన్ అంటే మెస్‌లో అందరి ఉమ్మడి ఆస్తి. ఒక పార్టీలో మా సీఓ (యూనిట్ కమాండింగ్ ఆఫీసరు) గారి భార్య ప్లేటు పక్కన పెట్టి మరీ ఫోన్ తీసి, వాళ్ల చెల్లెలి కూతురి ఫొటోలు ఒక్కొక్కటీ జరిపి చూపించారు. చాలా మంచావిడ. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు ఆవిడ పంపిన కిచిడీ తినే బతికాను. ఆవిడకి అబద్ధం చెప్పాల్సి రావడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది, చట్టం కాదు. నా స్నేహితుడి నంబరు ఫోన్లో "సురేశ్ ఎల్‌ఐసీ" అని సేవ్ చేసుకున్నాను. రాత్రి పదింటికి మోగితే, "సాబ్, మీ ఎల్‌ఐసీ వాడికి నిద్ర పట్టదా?" అన్నాడు మా సహాయక్, అంటే ఆఫీసరుకి సాయంగా ఉండే జవాను. ఇద్దరం నవ్వుకున్నాం. వాడికి తెలుసనే నా అనుమానం. ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు, పుణ్యాత్ముడు.

కొండమీద పోస్టులో జవాన్లు ఒకే ఫోన్ దగ్గర వరసలో నిలబడి పెళ్లాంతో పక్కవాడు వింటుండగానే పోట్లాడుకునేవాళ్లు. నేను మాట్లాడేటప్పుడు మాత్రం "ప్రీమియం ఎప్పుడు కట్టాలి" స్థాయిలోనే ఉండేది. ఆ స్నేహం అలాగే ఎండిపోయింది. తప్పు అతనిదీ కాదు, నాదీ కాదు.

ఇంకో ముఖ్యమైన విషయం, ఫోను. 2020 జూలైలో 89 యాప్‌లు తీసెయ్యమని ఆర్మీ ఆర్డరిచ్చింది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌తో పాటు టిండర్ లాంటి డేటింగ్ యాప్‌లూ ఆ జాబితాలో ఉన్నాయి. నిజానికి ఆ భయం ఉత్తది కాదు. రహస్యం ఉన్న ఆఫీసరు బ్లాక్‌మెయిల్ చేసేవాడికి తేలిగ్గా దొరుకుతాడు. ఇప్పుడు నీ ఫోన్లో అలాంటి యాప్‌లుంటే బెంగళూరు రైలెక్కే ముందు కాదు, ఇవాళే తీసెయ్. ముఖం కనిపించే ఫొటో ఎవరికైనా పంపి ఉంటే, ఎవరికి పంపావో గుర్తు చేసుకో.

మరి ఎందుకు చేశావు పదేళ్లు అంటావేమో. ఆ పని నాకు ఇష్టం. ఓటీఏలోని పరమేశ్వరన్ డ్రిల్ స్క్వేర్‌లో ఆఖరి అడుగు వేసి బయటికొచ్చిన రోజు మా నాన్న నాకు సెల్యూట్ కొట్టబోయి ఏడ్చేశాడు. వరదల్లో జనాన్ని పడవల్లో ఎక్కించినప్పుడు నువ్వు ఎవరితో పడుకుంటావని ఒక్క ముసలమ్మ కూడా అడగలేదు. నీకు ఆ పని మీద మోజు ఉంటే బ్యాంకులో కూర్చుని జీవితాంతం గొణుక్కుంటావు. అందుకే నాయుడు గారి మాట పూర్తిగా ఒప్పుకోను.

కాబట్టి ఎస్‌ఎస్‌బీకి వెళ్లు. వెళ్లినంత మాత్రాన చేరినట్టు కాదు. రికమెండ్ అయినా, మెరిట్ లిస్టులో పేరొచ్చినా, చేరను అనొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. ఓటీఏ గేటు దాటి లోపలికెళ్లాక సొంత కారణాలతో మానేస్తే ట్రైనింగ్ ఖర్చు తిరిగి కట్టమంటారు. కమిషన్ (ఆఫీసరు హోదా) వచ్చాక మొదటి పదేళ్లలో రాజీనామా అంత సులువు కాదు. ఆ పదేళ్ల తర్వాత పొడిగించిన నాలుగేళ్లలోనైతే ఎప్పుడైనా చెయ్యొచ్చు. అంటే నువ్వు నిజంగా నిర్ణయించుకోవాల్సిన రోజు జాయినింగ్ లెటర్ వచ్చిన రోజు. ఆ రోజుకి ఒక్కటి తేల్చుకో: 24 నుంచి 34 వరకు, అందరూ జంటలు కట్టే వయసులో, ఒంటరిగానో దొంగచాటుగానో ఉండగలవా? పెళ్లి తప్పించుకోవడానికి మాత్రం చేరకు. ట్రైనింగ్ ఏడాదిలోపే అయిపోతుంది, ఆ తర్వాత కావలి సంబంధం కాస్తా యూనిఫాం చూసి ఇంకా గట్టిగా పట్టుకుంటుంది.

అమెరికా అబ్బాయి:

ఇక్కడ 2011లోనే "అడగొద్దు, చెప్పొద్దు" విధానం ఎత్తేశారు, ఇంగ్లండ్‌లో 2000లోనే నిషేధం తీసేశారు. మనవాళ్లు ఎప్పటికి మారతారో!

ఓఎంఆర్ మాజీ కెప్టెన్:

మారితే సంతోషమే. ఆ ఆశతో మాత్రం పదేళ్ల ఒప్పందం మీద సంతకం పెట్టకూడదు. 2022లో ఒక దర్శకుడు గే ఆర్మీ ఆఫీసరు కథతో సినిమా తీస్తానంటే రక్షణ శాఖ అనుమతే ఇవ్వలేదు.

పరంగిమలై కుర్రాడు:

అందరికీ థాంక్స్. నాయుడు గారూ, మీకు కూడా. కెప్టెన్ గారూ, సీఓ గారి భార్య విషయం చదివాక చాలాసేపు ఏమీ తోచలేదు. మా అమ్మ కూడా అలాంటి మనిషే. ఎస్‌ఎస్‌బీకి వెళ్తున్నా. జాయినింగ్ లెటర్ వస్తే అప్పటికి అమ్మకి చెప్పెయ్యాలని చెల్లి అంటోంది. దానికి ఇంకా ధైర్యం చాలట్లేదు. ఇక్కడ ఇలాంటి విషయాలు ఎదురుగా కూర్చుని మాట్లాడే చోటు ఏమైనా ఉందా? ఇంకోటి, మాధవరం మామయ్య నాతోపాటు బెంగళూరు వస్తానని కూర్చున్నాడు.

హైకోర్టు అక్క:

చెన్నైలో మనలాంటివాళ్ల కోసం ఓరినం, సహోదరన్ అనే సంస్థలు ఎప్పటి నుంచో పనిచేస్తున్నాయి. ఓరినం వాళ్లకి రాసి చూడు. అమ్మానాన్నలకి ఎలా చెప్పాలన్నది వాళ్లు వంద ఇళ్లల్లో చూసిన వ్యవహారమే. చేరాక ఎప్పుడైనా సర్వీసు విషయంలో అన్యాయం జరిగితే, సైనికుల కేసులు చూసే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్ బెంచి చెన్నైలోనే ఉంది. ఆ అవసరం రాకూడదనే కోరుకుంటున్నా.

ఆవడి నాయుడు (రిటైర్డ్):

మామయ్యని సెంట్రల్ స్టేషన్ దాకా రానివ్వు బాబూ, ఊరికే బాధపెట్టకు. బెంగళూరు కబ్బన్ రోడ్డులో ఎస్‌ఎస్‌బీ గేటు లోపలికి ఎలాగూ రానివ్వరు. బ్యాంకు పరీక్ష ఫారం కూడా నింపి ఉంచుకో, తప్పేం లేదు.

ఓఎంఆర్ మాజీ కెప్టెన్:

రైలు టికెట్ పారెయ్యకు. మొదటిసారి వెళ్లేవాళ్లకి థర్డ్ ఏసీ దాకా చార్జీలు ఇస్తారు, టికెట్ చూపించాలి. ఎస్‌ఎస్‌బీలో నీ వివరాల ఫారం నింపేటప్పుడు హాబీల దగ్గర నిజంగా చేసేవే రాయి. ట్రెక్కింగ్ అని రాసి పరంగిమలై మెట్లు తప్ప ఏమీ ఎక్కనివాళ్లని చాలామందిని చూశాను.