అప్‌డేట్: పాలపిట్ట రెక్కల నీలం కుదిరింది

వారానికో పక్షిని డిజిటల్‌గా గీసే చాలెంజ్‌లో పాలపిట్ట వచ్చిందని, రెక్కల నీలం ఎంత మార్చినా అతికించినట్టే ఉందని అడిగాను కదా. సలహా ఇచ్చిన అందరికీ ధన్యవాదాలు.

బాగా పనికొచ్చింది ‘నీలాన్ని వదిలి పక్కనున్న గోధుమరంగు చూడండి’ అన్న మాట. రొమ్ము రంగును కాస్త మట్టిరంగు వైపు జరపగానే, ముట్టుకోని నీలం దానంతటదే వెలిగింది! అసలు ఈ ఈకల్లో నీలం రంగుపదార్థం లేదు. ఈక లోపలి సూక్ష్మ నిర్మాణం కాంతిని చెదరగొట్టడం వల్ల అలా కనిపిస్తుంది. అందుకే ఒకే నీలంతో నింపితే జీవం రాదు. క్రిటా అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో అడుగున ముదురు ఊదానీలం వేసి, పై లేయర్‌లో లేత ఆకాశనీలపు పట్టీ పెట్టాను. ఆ పట్టీకి ఆల్ఫా లాక్ (గీసిన చోటు దాటి రంగు బయటికి పోకుండా ఆపే సదుపాయం) చేసి, ఈకల అంచుల వెంట పలచగా ఆకుపచ్చ ఛాయ లాగాను.

వాలిన పిట్టలో ఈ పట్టీలు చాలావరకు ముడుచుకుపోతాయి. దసరా నాడు పాలపిట్ట కోసం పొలాల వెంట వెతికేవారికి అది తెలిసిందే. కాబట్టి ఎగిరే భంగిమే గీశాను.

గొంతు మీది తెల్లని సన్నచారలు ఇంకా మిగిలాయి. వాటికి ఏ బ్రష్ బాగుంటుందో చెప్పగలరా?