షష్టిపూర్తికి గేమ్ చేస్తున్నా: గోడాట్‌లో తెలుగు ముక్కలైపోతోంది

గోదారిగట్టు
అమ్మానాన్నల షష్టిపూర్తికి పది నిమిషాల్లో అయిపోయే గేమ్ ఇది. పాత ఇల్లు, పెరడు, రైల్వే స్టేషన్, మూడే సీన్లు. తిరుగుతూ చుట్టాలతో మాట్లాడాలి, అంతే. గేమ్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్ గోడాట్ 3.5 వాడుతున్నా, తెర సైజు 180×320 పిక్సెళ్లు. "అమ్మమ్మ" అని రాస్తే ఒత్తులు కిందికి దిగట్లేదు. ఫాంట్లు మార్చినా అంతే. ఇంకోటి, 16×16 పిక్సెళ్ల బొమ్మల్లో ఎవరు ఎవరో తెలియట్లేదు. ఏం చేయమంటారు?

పిక్సెల్‌పంతులు
ఫాంట్ తప్పు కాదండీ. గోడాట్ 3కి ఒత్తులు కలపడం రాదు. 4లో హార్ఫ్‌బజ్ అనే అక్షరాలు కూర్చే లైబ్రరీ ఉంది, అది కలుపుతుంది. మూడు సీన్లే కాబట్టి 4లో కొత్తగా మొదలెట్టండి, పాతదాన్ని మార్చుకుంటూ కూర్చోవద్దు.

నోటో సాన్స్ తెలుగు ఫాంట్ ఫైలును ప్రాజెక్టులోనే పెట్టి థీమ్‌కి (గేమ్ మొత్తానికి రూపం ఇచ్చే సెట్టింగ్) తగిలించండి. కంప్యూటర్లో ఉన్న ఫాంట్ మీద ఆధారపడితే మీ దగ్గర బాగానే ఉంటుంది, బ్రౌజర్లో డబ్బాలు వస్తాయి.

చిన్న తెరను పెద్దది చేసే స్ట్రెచ్ మోడ్ "వ్యూపోర్ట్" వద్దు, "కాన్వాస్ ఐటెమ్స్" పెట్టండి. వ్యూపోర్ట్‌లో అక్షరం కూడా 180 పిక్సెళ్ల వెడల్పులోనే ఇరుక్కుంటుంది, కి–కీ తేడా తెలీదు. బొమ్మలకు టెక్స్చర్ ఫిల్టర్ "నియరెస్ట్" పెట్టండి, అంచులు మసకబారవు.

డైలాగ్ ఒక్కో అక్షరంగా రావాలంటే "విజిబుల్ క్యారెక్టర్స్ బిహేవియర్"ని "ఆఫ్టర్ షేపింగ్"కి మార్చాలి. లేకపోతే "అమ్మ" వచ్చేటప్పుడు ముందు "అమ్" అని పొల్లుతో కనబడి, తర్వాత రూపం మారుతుంది. చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది.

చుక్కలముగ్గు
16×16లో మొహాలు గీయకండి, 16×24 తీసుకోండి. ఫొటోను కుదిస్తే మచ్చే మిగులుతుంది. మనిషిని ఆకారంతో గుర్తుపట్టించాలి: కొప్పు, బట్టతల, చేతిలో సంచి. గళ్ల లుంగీకి గళ్లు వద్దు, అంత చిన్నచోట గోలగా ఉంటుంది. ఒకే రంగు వేసి, కింద ఒక్క వరస అంచు గీస్తే చాలు. అసలు ఫొటోలు చివరి స్క్రీన్‌కి ఉంచండి. అవి వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా తెప్పించుకోండి, మామూలుగా పంపితే నాణ్యత పోతుంది.

చుట్టాల గొంతులు పెడతారా? వాట్సాప్ వాయిస్ నోట్ ఓపస్ అనే ఆడియో ఫార్మాట్‌లో ఉంటుంది, గోడాట్ తీసుకోదు. పేరు మారిస్తే కుదరదు, ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్‌లో ఓజీజీ వోర్బిస్‌ ఫార్మాట్‌గా ఎక్స్‌పోర్ట్ చేయాలి.

గోదారిగట్టు
భలే, గొంతులు తప్పకుండా పెడతా. నాన్న ఫోన్ ఆండ్రాయిడ్. ఏపీకే (ఫోన్లో ఇన్‌స్టాల్ చేసే ఫైలు) ఇవ్వనా, బ్రౌజర్లో తెరిచే లింకా?

పిక్సెల్‌పంతులు
నాన్నగారికి ఏపీకే, అమెరికాలో చుట్టాలెవరైనా ఉంటే వాళ్లకి లింకు. ఏపీకేకి ఆండ్రాయిడ్ భద్రతా తనిఖీ ప్లే ప్రొటెక్ట్ నుంచి హెచ్చరిక రావచ్చు, కాబట్టి మీరే ఇన్‌స్టాల్ చేసి ఇవ్వండి. ఏపీకేకి సంతకం పెట్టే కీ ఉండే కీస్టోర్ ఫైలు దాచుకోండి. వేరే కీతో మళ్లీ తయారుచేస్తే పాతదాని మీద ఎక్కదు. పాతది తీసేయాలి, సేవ్ చేసిన ఆటా దాంతోపాటే పోతుంది.

వెబ్‌కి గోడాట్ 4.3 గానీ ఆపైది గానీ వాడి, ఎక్స్‌పోర్ట్ సెట్టింగ్స్‌లో థ్రెడ్స్ ఆపేయండి. ఇండెక్స్ ఫైలును డబుల్ క్లిక్ చేస్తే ఆట తెరుచుకోదు, సర్వర్ కావాలి. జిప్ చేసి ఇచ్.ఐఓ అనే గేమ్‌ల సైట్లో పాస్‌వర్డ్‌తో పెట్టండి. జిప్ తెరవగానే ఇండెక్స్ పైనే కనబడాలి, ఫోల్డర్లో కాదు. మొదటి స్క్రీన్లో "మొదలు" బటన్ తప్పనిసరి: వేలు తగిలేదాకా బ్రౌజర్ సౌండ్ రానివ్వదు.

చుక్కలముగ్గు
తెరమీద జాయ్‌స్టిక్ మాత్రం వద్దండీ. నేలమీద ఎక్కడ నొక్కితే అక్కడికి నడిచేలా పెట్టండి. అరవై దాటినవాళ్ల బొటనవేలు దాంతో కుస్తీ పట్టలేదు.