డౌన్ సిండ్రోమ్ ఉన్న తమ్ముడికి థైరాయిడ్ పరీక్షలో టీఎస్‌హెచ్ 8.4 వచ్చింది, మందు వెయ్యాలా?

మదనపల్లి అక్క (మారతహళ్లి, బెంగళూరు)
మా తమ్ముడికి 19 ఏళ్లు. సాయంత్రమైతే వాచ్‌మన్ పక్కన కుర్చీ వేసుకుని, గేటులోకి వచ్చే బండ్ల నంబర్లన్నీ నోటుబుక్కులో రాసేవాడు. మూణ్ణెల్లుగా పేజీలు ఖాళీ. పెన్ను చేతిలో ఉండగానే తల వాలిపోతుంది. మోచేతుల దగ్గర చర్మం పొట్టు లేస్తోంది, విరేచనం మూడు రోజులకోసారి. దగ్గర్లో ఒక డాక్టరుకి చూపిస్తే "ఇలాంటి పిల్లలు ఇంతేనమ్మా" అన్నారు. ఆ మాటకి మా అమ్మ ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. నేనే పట్టుబట్టి థైరాయిడ్ రక్తపరీక్ష చేయించాను. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ గ్రంథిని పనిచేయించే హార్మోన్) 8.4, కాస్త ఎక్కువే; ఫ్రీ టీ4 (ఆ గ్రంథి తయారుచేసే హార్మోన్) మామూలుగానే ఉంది. ఇంతకు ముందు పరీక్ష ఆరేళ్ల కిందట చేయించాం. మందు మొదలుపెడితే జన్మంతా మింగాలంటున్నారు, అమ్మకి అదే భయం.

పాప అమ్మ (జయనగర్)
"ఇంతేనమ్మా" అన్న మాట మేమూ విన్నామమ్మా. అది వినీ వినీ మా పాపకి రెండేళ్లు వృథా అయ్యాయి. మందకొడితనం, ఒళ్లు రావడం, పొడి చర్మం, మలబద్ధకం: థైరాయిడ్ తగ్గితే వచ్చేవన్నీ డౌన్ సిండ్రోమ్‌దే అనిపిస్తాయి. చూసి చెప్పలేం. అందుకే పుట్టగానే, ఆరో నెలలో, ఏడాదికి, ఆపైన ఏటా ఒకసారి రక్తపరీక్ష చేయించాలంటారు, పిల్లాడు హుషారుగా ఉన్నా సరే.

టీ4 బాగుండి టీఎస్‌హెచ్ మాత్రమే కాస్త ఎక్కువుండటం మన పిల్లల్లో మామూలే, కొందరికి దానంతటదే దిగుతుంది. కాబట్టి వెంటనే మందు వేసెయ్యకండి, అలాగని వదిలెయ్యకండి. ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల డాక్టరు) దగ్గరికెళ్లి మళ్లీ టీఎస్‌హెచ్, దాంతోపాటు యాంటీ టీపీఓ (శరీరమే థైరాయిడ్ మీద దాడి చేస్తోందా అని చూసే రక్తపరీక్ష) చేయించండి. అది పాజిటివ్ వస్తే సమస్య ముదిరే అవకాశం ఎక్కువ. టీఎస్‌హెచ్ 10 దాటితే సాధారణంగా మందు మొదలుపెడతారు. మీవాడికి లక్షణాలున్నాయి కాబట్టి డాక్టరు ముందే ఇవ్వచ్చు. అన్నట్టు, రాత్రి గురక పెడతాడా? పగటి నిద్రకి థైరాయిడ్ ఒక్కటే కారణం కాకపోవచ్చు.

కేఆర్ పురం నాన్న
మందంటే భయపడకండి. శరీరం సరిపడా చెయ్యలేకపోతున్న హార్మోనే అది. మావాడికి పదకొండేళ్లుగా వేస్తున్నాం. మాత్ర నాలుక కింద దాచి, బాల్కనీ తులసికుండీలో ఉమ్మేసేవాడు. డాక్టరునడిగి చెంచాడు నీళ్లలో నలిపి, అప్పటికప్పుడే తాగిస్తున్నాం. పరగడుపునే ఇవ్వాలి, తర్వాత అరగంట నుంచి గంట దాకా కాఫీ, పాలు వద్దు. ఐరన్, కాల్షియం మాత్రలుంటే నాలుగు గంటల ఎడం పాటించండి. డోసు సరిపోయిందో లేదో ఆరు నుంచి ఎనిమిది వారాలకి మళ్లీ పరీక్షిస్తారు.

మదనపల్లి అక్క
అక్కా, అన్నా, రెండూ అమ్మకి చదివి వినిపించాను. గురక సంగతి అడిగారు కదా, నిన్న రాత్రి వాడి పక్కనే చాప వేసుకున్నాను. గురక మధ్యలో ఊపిరే ఆగిపోతోంది, కాసేపటికి ఉలిక్కిపడ్డట్టు గాలి పీల్చుకుంటున్నాడు. ఇన్నేళ్లూ గాఢనిద్ర అనుకున్నాం. ఫోన్లో రికార్డు చేశాను. గురువారం ఎండోక్రైనాలజిస్టు అపాయింట్‌మెంట్ దొరికింది, రిపోర్టుతోపాటు అదీ వినిపిస్తాను.