హంపి దగ్గర ఆనెగొందిలో మట్టి కాటేజీ: అమ్మానాన్నలతో రెండు రాత్రులు ఉండొచ్చా?

రేగడినేల:

డిసెంబరు మూడో వారంలో హంపి వెళ్దామనుకుంటున్నాం. నేను, మా ఆవిడ, ఎనిమిదేళ్ల పాప, మా అమ్మ, నాన్న. నాన్నకి డెబ్భై, మోకాళ్లు అరిగాయని డాక్టరు చెప్పి రెండేళ్లయింది, చదునుగా ఉంటే మెల్లిగా ఎంత దూరమైనా నడుస్తారు కానీ మెట్లు కనిపిస్తే అక్కడే చతికిలబడతారు. గుంటూరులో అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి హోసపేటలో దిగుతాం, సొంత కారు ఉండదు.

హోసపేటలో మామూలు హోటల్ తీసుకుంటే ఏ గొడవా లేదని నాకూ తెలుసు. కానీ మా ఆవిడ నదికి అవతల ఆనెగొంది, సణాపుర వైపు పొలాల మధ్య ఉండే మట్టిగోడల కాటేజీల ఫొటోలు చూసి మనసు పారేసుకుంది. పచ్చటి వరి, ఎదురుగా గుండ్రాళ్ల గుట్టలు, వసారాలో ఊయల. నాకూ బాగానే ఉంది కానీ బాత్రూమ్ ఎలా ఉంటుంది, వేడినీళ్లు వస్తాయా, పాములూ తేళ్లూ ఏమన్నా (ఇది అమ్మ ప్రశ్న), అక్కడి నుంచి రోజూ హంపికి రావడం పోవడం ఎలా, ఇవేవీ ఆ ఫొటోల్లో లేవు. ఉన్నవాళ్లు ఎవరైనా ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

పుట్టిప్రయాణం:

ముందు కాటేజీ సంగతి పక్కన పెట్టి నది సంగతి చూడండి. హంపి మొత్తం తుంగభద్రకి ఒక గట్టున ఉంది, మీరు చూసిన కాటేజీలన్నీ రెండో గట్టున ఉన్నాయి, మధ్యలో పడవో పుట్టో (గుండ్రటి బుట్ట పడవ) తప్ప దగ్గరి దారి లేదు. మ్యాపులో చూస్తే అరకిలోమీటరే కదా అనిపిస్తుంది. అలా అనుకునే మేం అవతలి గట్టున బస తీసుకుని తిప్పలు పడ్డాం. మొదటి రోజు విఠ్ఠలాలయంలో సాయంత్రపు ఎండలో రాతి రథం ఫొటోలు తీసుకుంటూ (యాభై రూపాయల నోటు మీద ఉన్నది అదే, మా వాడు నోటు పక్కన పెట్టి మరీ తీయించుకున్నాడు) తీరిగ్గా తలారిఘాట్ రేవుకి వచ్చేసరికి పుట్టిని గట్టు మీద బోర్లించేసి మనిషి వెళ్లిపోయాడు. అవతల మేం దిగిన ఊరి దీపాలు కనిపిస్తున్నాయి, పోవడానికి లేదు. ఆటో మాట్లాడుకుని కమలాపురం, బుక్కసాగరం మీదుగా వంతెన దాటి చుట్టూ తిరిగి వెళ్లాం, ఇరవై కిలోమీటర్ల దాకా తేలింది, ఆటోవాడు అడిగినంత ఇచ్చాం.

ఆ తలారిఘాట్ దగ్గరే వంతెన కడుతుంటే 2009 జనవరిలో కూలిపోయింది, కూలీలు చనిపోయారు. ఇప్పుడు వాడేది దిగువన కట్టిన వేరే వంతెన. కాబట్టి ఇద్దరు పెద్దవాళ్లు ఉన్నప్పుడు పడవని లెక్కలోకి తీసుకోకండి, రెండు రోజులకీ ఒకే ఆటోనో కారో మాట్లాడేసుకోండి. పడవ ఎక్కితే సరదాకి ఎక్కండి, ఇంటికి చేరడానికి కాదు.

ఇంకో సంగతి, పాత బ్లాగుల్లో విరూపాపుర గడ్డె అని కనిపిస్తే వదిలేయండి. విరూపాక్ష గుడికి సరిగ్గా ఎదురుగా ఉండేది, విదేశీయులంతా అక్కడే దిగేవాళ్లు. రక్షిత ప్రాంతంలో కట్టారని 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చాక అక్కడి రిసార్టులన్నీ కూల్చేశారు. ఫొటోలు మాత్రం నెట్‌లో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

క్యాంపువాసి:

మాది గంగావతి పక్కన క్యాంపు. తెలియనివాళ్లకి చెప్తున్నా, తుంగభద్ర డ్యామ్ కట్టి కాలువలకి నీళ్లు వదిలాక కోస్తా నుంచి మా తాతలాంటి వాళ్లు వచ్చి పొలాలు కొనుక్కుని ఊళ్లకి ఊళ్లే కట్టుకున్నారు, వాటినే క్యాంపులంటారు. అందుకని భాష గురించి బెంగ పడకండి, గంగావతి వైపు ఎక్కడ తెలుగులో అడిగినా ఎవరో ఒకరు బదులిస్తారు.

రేగడినేల గారూ, మీ ఆవిడకి ముందే ఒకటి చెప్పి ఉంచండి. ఆ పచ్చటి ఫొటోలు డిసెంబరువి కావు. మొదటి పంట కోతలు నవంబరు, డిసెంబరుల్లోనే, మీరు వచ్చేసరికి చాలా మళ్లలో ఎండిన వరిదుబ్బులూ కోత మిషన్లు లేపిన దుమ్మే ఉంటుంది. రెండో పంట నాట్లు పడేది జనవరిలో. ఆనెగొంది చుట్టుపక్కల విజయనగరం కాలం నాటి కాలువలు ఇప్పటికీ పారుతున్నాయి కాబట్టి అరటి తోటలు మాత్రం ఎప్పుడూ పచ్చగానే ఉంటాయి. పచ్చదనం కావాలంటే అరటితోట పక్కన ఉన్న బస అడగండి, లేకపోతే వచ్చాక మోసం చేశారని ఆ ఓనరు మీద పడతారు.

ఇక మట్టి కాటేజీ అంటే రెండు రకాలు. ఊళ్లో పాత పెంకుటిళ్లని బాగుచేసి ఇచ్చేవి, గోడలు నిజంగానే మందంగా ఉంటాయి, మధ్యాహ్నం ఏసీ గుర్తుకు రాదు. రెండోవి పొలంలో నిన్నగాక మొన్న కట్టినవి, లోపల సిమెంటు ఇటుక, పైన ఎర్రమట్టి పూత. రెండోది చెడ్డదని కాదు, కానీ రేటు మొదటిదానికి అడుగుతారు. ఫోన్‌లో అడగాల్సింది గోడల గురించి కాదు. బాత్రూమ్ గదికి ఆనుకుని ఉందా, పెరట్లోకి నడవాలా? కమోడ్ ఉందా? వేడినీళ్లు గీజరా, సోలారా, కట్టెల పొయ్యి మీద కాచి బకెట్లో ఇస్తారా? కరెంటు పోతే ఇన్వర్టరు ఫ్యానుకి కూడా వస్తుందా, లైటుకేనా? మంచం ఎత్తు ఎంత? ఈ చివరిది అడిగితే నవ్వుతారు, నవ్వనివ్వండి. చాలాచోట్ల అందం కోసం నేల మీద దిమ్మె కట్టి పరుపు వేస్తారు, మీ నాన్నగారు పడుకుంటే లేవలేరు.

పాములంటారా, వరి ఉన్నచోట ఎలుకలు, ఎలుకలున్నచోట అవీ ఉంటాయి. రాత్రి టార్చి లేకుండా గడప దాటొద్దు, చెప్పులు దులపకుండా వేసుకోవద్దు, అంతే. నిజంగా సతాయించేవి దోమలూ కోతులూ. కిటికీ తీసి ఉంచి గుడికి వెళ్తే తిరిగొచ్చేసరికి మీ టూత్‌పేస్టు గుట్ట మీద ఉంటుంది.

బసకి అనుమతి ఉందో లేదో కూడా అడగండి, అడిగితే తప్పేం లేదు. 2025 మార్చిలో సణాపుర కాలువ దగ్గర రాత్రిపూట పర్యాటకుల మీద దాడి జరిగింది, ఒకరు ప్రాణం కూడా పోగొట్టుకున్నారు. ఊరి మీద మచ్చ పడిందని మాకే సిగ్గుగా ఉంది. నక్షత్రాలు చూడాలంటే మీ వసారాలో లైటు ఆర్పి చూడండి, కాలువ గట్టుకి వెళ్లొద్దు. నదిలో కూడా దిగకండి, పైకి నిలకడగా కనిపిస్తుంది కానీ రాళ్ల సందుల్లో లాగేస్తుంది, మొసళ్లున్నాయని బోర్డులు ఊరికే పెట్టలేదు.

మెట్లంటేభయం:

నేను వేరేగా చెప్తాను, ఏమనుకోకండి. అమ్మకి మోకాళ్ల ఆపరేషన్ అయిన ఏడాదికి ఇలాగే ఒక పొలం బసకి తీసుకెళ్లాను, పేరెందుకులెండి. గది బాగుంది, మనుషులు మంచివాళ్లు, కానీ రోడ్డు నుంచి గదికి గట్టు మీద రెండు వందల అడుగులు నడవాలని ఎవరూ చెప్పలేదు. పగలు పర్లేదు. రాత్రి భోజనం చేసి వస్తుంటే నా భుజం పట్టుకున్న అమ్మ చెయ్యి వణకడం తెలుస్తూనే ఉంది. రెండో రోజు పొద్దున ఎక్కడికీ రానంది, నీళ్లు కూడా తక్కువ తాగింది, ఎందుకో మీకు అర్థమై ఉంటుంది.

కాబట్టి రెండు రాత్రులూ అక్కడే అని పట్టుబట్టొద్దు. మొదటి రాత్రి హంపి పక్కనే ఉన్న కమలాపురంలో ఉండి ఇవతలి గట్టు చూసేయండి. 40 రూపాయల టికెట్ ఒకటే విఠ్ఠలాలయానికీ, కమల మహల్ ఉన్న జనానా ప్రాంగణానికీ అదే రోజు పనికొస్తుంది, పారేసుకోవద్దు. విఠ్ఠలాలయానికి కిలోమీటరు దూరంలోనే బండ్లు ఆపేస్తారు, అక్కడి నుంచి ఆడవాళ్లు నడిపే బ్యాటరీ బండ్లున్నాయి, పెద్దవాళ్లని నడిపించక్కర్లేదు. రెండో రోజు సామాను సర్దుకుని నది అవతలికి మారండి, ఆ రోజు ఇక ఇవతలికి రాకుండా ప్లాన్ చేసుకోండి. అవతలి గట్టున ఉన్న అంజనాద్రి కొండకి 575 మెట్లు, అది మీ నాన్నగారికి కాదు. (హనుమంతుడు పుట్టింది అక్కడా, తిరుమలలోనా అనే పంచాయితీ మాత్రం ఇక్కడ పెట్టకండి, పోయినసారి ఆ చర్చ రెండు వందల కామెంట్లు దాటింది.)

రేగడినేల:

అందరికీ థాంక్సండీ. మంచం ఎత్తు అసలు నా బుర్రకి తట్టనే లేదు. ఒక రాత్రి ఇటు, ఒక రాత్రి అటు అంటే మా ఆవిడ కూడా సరేనంది. నాన్న మాత్రం మధ్వ గురువుల సమాధులున్న నవబృందావనం చూడాలంటున్నారు, వ్యాసరాయల వారి బృందావనం (సమాధి) అక్కడే కదా. ఆయన వెళ్లగలరా?

పుట్టిప్రయాణం:

అది నది మధ్యలో లంక, ఆనెగొంది నుంచి పడవ మీదే వెళ్లాలి. శ్రీకృష్ణదేవరాయల గురువు గారి బృందావనం అంటే మీ నాన్నగారు ఆగుతారని నేను అనుకోను. మోటారు పడవైతే పట్టుకుని ఎక్కించొచ్చు. పుట్టి అయితే వద్దు, ఒక కాలు లోపల పెట్టగానే గిర్రున తిరుగుతుంది, మోకాలు అక్కడే మెలిపడుతుంది. డ్యామ్ నుంచి నీళ్లు వదిలితే పడవలు కట్టేస్తారు, డిసెంబరులో మామూలుగా ఆ ఇబ్బంది ఉండదు. అయినా ముందు రోజు బస ఓనరుని అడగండి, రేవులో మనిషి ఆయనకి తెలిసే ఉంటాడు.

రేగడినేల:

వెళ్లొచ్చాం, ఇదిగో అప్‌డేట్.

క్యాంపువాసి గారు చెప్పినట్టే చుట్టూ మళ్లన్నీ కోసేసి ఉన్నాయి. మా ఆవిడ ఆటో దిగి అటూ ఇటూ చూసి నా వైపు ఒక చూపు చూసింది. బస మాత్రం ఊళ్లో పాత ఇల్లు, గోడ మందం నా మోచెయ్యంత ఉంది. వేడినీళ్లు కాగు నుంచి బకెట్లో ఇచ్చారు, కట్టెల పొగ వాసనతో. మంచం ఎత్తు ఫోన్‌లో అడిగితే ఓనరు నిజంగానే నవ్వాడు, నవ్వి నాన్న కోసం వాళ్ల ఇంట్లోంచి నవారు మంచం తెచ్చి వేయించాడు. బాత్రూమ్‌లో గోడకి ఒక కప్ప మేం ఉన్నంతసేపూ కదలకుండా అలాగే కూర్చుంది, అమ్మ దాన్ని పలకరించి మరీ స్నానానికి వెళ్లేది.

నవబృందావనం అయింది. రేవులో మెట్లు దిగడానికి పావుగంట పట్టింది, పడవవాడు విసుక్కోలేదు. నాన్న వ్యాసరాయల వారి బృందావనం ముందు కూర్చున్నారు, పాప వచ్చి లేపేదాకా లేవలేదు.

విరూపాక్ష గుడిలో వెనక వైపు చీకటి గదిలో గోపురం నీడ తలకిందులుగా గోడ మీద పడుతుందే, అది పాపకి బాగా నచ్చింది. చిన్న కంతలోంచి వెలుగు వస్తే బొమ్మ ఎందుకు తిరగబడుతుందో అగ్గిపెట్టెకి చిల్లు పెట్టి చూపించమని ఇంటికొచ్చినప్పటి నుంచి ప్రాణం తీస్తోంది. అగ్గిపెట్టె సరిపోదనుకుంటా, చెప్పుల డబ్బా కావాలేమో, ఎవరైనా చేసి ఉంటే చెప్పండి.