పరస్వరమా, పరస్పరమా? సంధి సూత్రం, తట్టు సోకిన కణాలు

అరసున్న: సంధి సూత్రం సగమే గుర్తుంది. "పూర్వపరస్వరంబులకు" తర్వాత "పరస్వరం బేకాదేశంబగుట" అనా, "పరస్పరం" అనా? తట్టు వైరస్ సోకిన కణాలు పక్కవాటితో కలిసిపోయి సిన్సీషియం (చాలా కేంద్రకాలున్న ఒకే పెద్ద కణం) కావడాన్ని 'కణసంధి' అనొచ్చా అని చూస్తున్నా.

గసడదవ: 'స్వ' యే. 'స్ప' అంటే చిన్నయసూరి సూత్రం కూలిపోతుంది. రెండచ్చుల చోట రెండోదొక్కటే నిలవాలి. పోతన "కలండనెడివాఁడు" చూడండి: 'కలండు' ఉకారం పోయింది, 'అనెడి' అకారం నిలిచింది. ఆ ఒక్క కందం చాలు, సంధి పాఠమంతా చెప్పడానికి.

సూక్ష్మదర్శిని: అలాగైతే కణసంధి కుదరదండీ, ఇక్కడ ఏ కణమూ లోపించదు. సోకిన కణం పైపొర మీదికి వైరస్ హెచ్, ఎఫ్ ప్రోటీన్లు చేరతాయి. హెచ్ పక్క కణం మీది స్లామ్‌నో నెక్టిన్-4నో (వైరస్ అంటుకునే గ్రాహకాలు) పట్టుకుని ఎఫ్‌ని కదిలిస్తుంది. ఎఫ్‌ని ఫ్యూరిన్ అనే ఎంజైమ్ ముందే రెండు ముక్కలుగా కోసి ఉండాలి. కోత పడకపోతే కలయిక లేదు. ఎఫ్ జిడ్డు కొన అవతలి పొరలో దిగబడుతుంది, తర్వాత ప్రోటీను వెనక్కి మడుచుకుని ఆరు హెలిక్సుల (మెలికల) కట్టగా బిగుసుకుంటుంది. ఆ లాగుడికి పొరల బయటి వరసలు ముందు, లోపలి వరసలు తర్వాత కలిసి రంధ్రం పడుతుంది. అది వెడల్పయి సైటోప్లాజం ఒకటవుతుంది. కేంద్రకాలు మాత్రం వేటికవే. విభక్తి పోయి పదాలు నిలిచే సమాసం ఇది!

తలకట్టు: ద్వంద్వమా మరి?

సూక్ష్మదర్శిని: కాదు. ద్వంద్వంలో రెండూ సమానం, ఇక్కడ ఎఫ్ ఒకవైపు, గ్రాహకం ఇంకోవైపు. అవతలి కణానికి వైరస్ సోకి ఉండక్కర్లేదు.

తలకట్టు: అన్ని వైరస్‌లకీ ఈ హెచ్, ఎఫ్ జంట అక్కర్లేదు. ఆర్‌ఎస్‌వీకి (ఊపిరితిత్తులకి సోకే వైరస్) ఎఫ్ ఒక్కటే చాలు. ఫ్లూ వైరస్ కలయిక ప్రోటీన్ హెమగ్లుటినిన్‌కైతే ఆమ్లత పెరిగి పీహెచ్ 5 దాపులకి దిగాలి, అందుకే మామూలు మాధ్యమంలో (కణాల్ని పెంచే ద్రవంలో) అది కణాల్ని కలపదు. ఇంకో మాట, కేంద్రకాలు ఎక్కువున్నంత మాత్రాన సిన్సీషియం అనకండి. విభజన చివర కణం చీలకపోయినా అలాగే కనబడుతుంది. ఎర్ర రంగు కణాల్నీ పచ్చ రంగు కణాల్నీ కలిపి పెంచండి, రెండు రంగులూ ఒకే కణంలో కలిసి కనబడితే కలయికే. మరీ ఒత్తుగా పెంచితే హద్దులు తెలియవు, పలచనైతే కణాలు తగలవు, ఆలస్యమైతే పెద్దవి ఊడి తేలిపోతాయి. లెక్కకి, కలిసిన కణాల్లోని కేంద్రకాలను మొత్తం కేంద్రకాలతో భాగించాలి.

గసడదవ: అసలు పట్టుకోవాల్సింది 'ఆదేశం'. మిత్రవదాగమః, శత్రువదాదేశః అన్నారు: ఆగమం మిత్రుడిలా వచ్చి చేరుతుంది, ఆదేశం శత్రువులా ఉన్నదాన్ని తోసి తానుంటుంది. వైరస్ చేసేది ఆదేశమే.

సూక్ష్మదర్శిని: సిన్సిటిన్-1 మాటేమిటి? పురాతన రెట్రోవైరస్ పైపొర ప్రోటీనే అది. ఇప్పుడు మన జన్యువుల్లోంచి తయారై, గర్భంలో మాయ (ప్లాసెంటా) పైకణాల్ని కలుపుతోంది. మిత్రవత్తే కదా!

గసడదవ: ఆగమం వచ్చినచోట ఉన్నదేదీ పోకూడదు. మాయలో కణాల నడిమి పొర పోతోందిగా.

అరసున్న: అయితే 'కణసమాసం' అని రాయనా?

తలకట్టు: తత్పురుషమో బహువ్రీహో తేల్చకుండానా?